మూడో రియాక్టర్ కాకా

ఆ ప్లాంటులో ఆయన చేతి దెబ్బ తినని మనిషిని నేనొక్కదాన్నే. చాలాకాలం దాన్ని నా గొప్పతనం అనుకున్నాను, బుద్ధి లేక.

మొన్న మంగళవారం పొద్దున పది గంటలకు మా టీమంతా వీడియో కాల్‌లో ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నాం. వచ్చే నెల నుంచి అందరూ ఆఫీసుకు రావాల్సిందే, ఇంటి నుంచి పని ఇక కుదరదు అని కంపెనీ మెయిలు పెట్టింది. మాలో అందరికంటే నోరున్నవాడు కరీంనగర్‌లో తన ఇంట్లో కూర్చుని ఊగిపోతున్నాడు. "ఇన్నేండ్ల సంది ఇంట్లకెళ్లే చేస్తున్నం. పని ఆగిందా? మనం ఇంట్ల కూసున్నందుకు ఒక్కనికన్న దెబ్బ తాకిందా? చెప్పుండ్రి!" అన్నాడు. నేను కూడా ఇంటి పనే కావాలని చెయ్యెత్తినదాన్నే. సరిగ్గా అప్పుడే ఫోన్లో ప్రధాన్ మెసేజీ వచ్చింది. ప్రధాన్ ఒడిశా నుంచి వచ్చి ప్లాంటులో ఆపరేటరుగా పనిచేస్తున్న మనిషి. "మేడం, కాకా నహీ రహే. కల్ దోపహర్ టాంకీ ఫటీ." కాకా ఇక లేడు, నిన్న మధ్యాహ్నం ట్యాంకు పేలింది.

కెమెరా ఆపేసి, కాల్‌లోంచి బయటికి వచ్చి ప్రధాన్ నంబరు నొక్కాను.

ఆయన పేరు రాయను. ఒకసారి నా వల్ల ఆ పేరు కాగితం మీద తప్పుగా పడింది. రెండోసారి ఆ పని నా చేత్తో చెయ్యలేను. ప్లాంటులో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, బీహారువాళ్లు అందరూ కాకా అనే పిలిచేవారు. మా నాన్న గుడివాడ వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చినవాడు. మా ఇంట్లో బాబాయ్ అంటాం గానీ కాకా అనే మాట లేదు. ఆయనతోనే నేర్చుకున్నాను.

పటాన్‌చెరు నుంచి లోపలికి పోతే వచ్చే మందుల ఫ్యాక్టరీ అది. రియాక్టర్లంటే రెండు మనిషెత్తుల స్టీలు పాత్రలు. లోపల రసాయనాలు ఉడుకుతుంటాయి, బయట చల్లనీళ్లు తిరుగుతూ ఆ ఉడుకును అదుపులో పెడతాయి. నీళ్లు ఆగితే వేడి పెరుగుతుంది. పెరిగి పెరిగి మూత ఎగురుతుంది, దాంతో పాటు మనుషులు కూడా. ఆ వేడిని తెర మీద చూపించడం, హద్దు దాటితే అలారం మోగించడం మా సాఫ్ట్‌వేరు పని. కరోనాకు ముందు మేము ప్లాంటులోనే, కంట్రోల్ రూం పక్క గదిలో కూర్చునేవాళ్లం.

నా మొదటి రోజు, షిఫ్టు మారే వేళ, ఫెడేల్మని చప్పుడు వినిపించి బయటికి పరిగెత్తాను. ప్రధాన్ నేల మీద ఉన్నాడు. హెల్మెట్ దొర్లుకుంటూ పోయి మెట్ల దగ్గర ఆగింది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారుతోంది. ఎదురుగా యాభై దాటిన బక్కమనిషి, మెడ నరాలు ఉబ్బించి అరుస్తున్నాడు.

"సల్లగుంది అన్నవ్! ముట్టకుండ ఎట్ల జెప్పినవ్‌రా? నీ కండ్లతోని సూస్తే సల్లగ కనవడ్డదా?"

అక్కడి పద్ధతి నాకు తర్వాత తెలిసింది. మూడో రియాక్టరు నుంచి నీళ్లు వెనక్కి వచ్చే పైపు ఒకటి ఉంది. షిఫ్టు దిగేవాడు దాని మీద అరచెయ్యి ఆనించాలి. ఎక్కేవాడు ఆ చేతి పక్కనే తన చెయ్యి ఆనించాలి. ఇద్దరూ "సల్లగుంది" అనాలి. అప్పుడే రిజిస్టరులో సంతకం. ఇది ఏ పుస్తకంలోనూ లేని రూలు, కాకా పెట్టింది. ముట్టుకోకుండా ఆ మాట అన్నవాడికి చెంప పగిలేది. కేబిన్‌లో కూర్చుని ఫోన్లోనే "ఆ, సల్లగుంది" అన్న ఒక ఆఫీసరును కొట్టింది చాలక, ఆయన ఫోను లాక్కుని వ్యర్థాల గుంటలో విసిరాడు. పసుపు నురగలో అది మునిగేదాకా నిలబడి చూశాడు.

కొట్టాక ఇంకో పద్ధతి ఉండేది. దెబ్బ తిన్నవాడి కాలరు పట్టుకుని క్యాంటీన్‌కు ఈడ్చుకుపోయేవాడు. ఎదురుగా కూర్చోబెట్టి చాయ్ పోయించేవాడు. ఆ రోజు ప్రధాన్‌ను కూడా అలాగే తీసుకుపోయాడు. నేను పక్క బల్ల దగ్గరే కూర్చుని విన్నాను.

"తాగు. నీ పెండ్లాం పేరేంది?"

"సబిత, కాకా."

"నువ్వు పేలిపోతే సబితకు ఏం జెప్పాలెరా నేను? నీ మొగడు ముట్టుకోలే, నేను కొట్టలే, అని చెప్పాన్నా? తాగు, సల్లారుతది."

ప్రధాన్ ఏడుస్తూ తాగాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఇదేం మనిషి, ఇదేం పెత్తనం, పోలీసులకు పట్టించాలి వీణ్ణి అనుకున్నాను. చివరికి ఆ పనీ చేశాను, కానీ చెయ్యకూడని రోజున.

మనుషులనే కాదు, కనిపించిన ప్రతిదాన్నీ కొట్టేవాడు. పంపు మొరాయిస్తే "నీయవ్వ" అని బూటుకాలితో తన్నేవాడు. రెండడుగుల పైప్ రెంచి ఒకటి ఎప్పుడూ భుజం మీద ఉండేది. పోతూ పోతూ దాంతో పైపులను కొట్టి, కుడిచెవి ఆనించి వినేవాడు. ఎడమచెవి పనిచెయ్యదు. పాతికేళ్ల కింద వేరే ఫ్యాక్టరీలో రియాక్టరు మూత లేచినప్పుడు పోయింది. ఆ రోజు ఆయనతో షిఫ్టులో ఉన్న స్నేహితుడిది మోచెయ్యి వరకు ఒక చెయ్యి మాత్రమే దొరికిందట, గడియారంతో సహా. ఆ రోజు చల్లగా ఉందని చెప్పింది ఎవరు కాకా అని ఒకసారి అడిగాను. చేతిలో చాయ్ గ్లాసును గోడకేసి కొట్టి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

నన్ను కొట్టలేదు గానీ, వదల్లేదు. నా తెర ముందుకు వచ్చి నిలబడేవాడు.

"ఏందమ్మా, ఎట్లుంది మూడోది?"

"నలభై రెండు డిగ్రీలు కాకా. బాగుంది."

"నీ టీవీ సంగతి అడుగుతలేను. నీ చెయ్యి సంగతి అడుగుతున్న. ముట్టినవా?"

విసుక్కుంటూ లేచేదాన్ని. రెండేళ్లపాటు ప్రతి షిఫ్టు మార్పులో ఆయన నల్లటి చెయ్యి పక్కన నా చెయ్యి ఆనించి "చల్లగుంది" అన్నాను. నా కోస్తా మాటకు ఆపరేటర్లు నవ్వేవాళ్లు. "రిజిస్టర్ల సంతకం ఇంట్ల కూసోని గూడ పెట్టొచ్చు బిడ్డా. సల్లగున్నదో లేదో సంతకానికి ఎర్కనా?" అనేవాడు కాకా.

తర్వాత కరోనా వచ్చింది. మా టీమును ఇళ్లకు పంపేశారు. ప్లాంటు మాత్రం ఆగలేదు, మందుల ఫ్యాక్టరీ కదా. మేము బీరంగూడలో, కరీంనగర్‌లో, విశాఖలో కూర్చుని మూడో రియాక్టరును చూడటం మొదలుపెట్టాం. నాకు పాప పుట్టింది. మా ఆయనకు సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పాపను చూసుకోవడానికి మూడో మనిషి లేరు. కరోనా తగ్గినా మా కంపెనీ మమ్మల్ని వెనక్కి పిలవలేదు, మేమూ పిలవమని అడగలేదు. ఇంటి నుంచి పని ఉంది కాబట్టే నాకు ఉద్యోగం ఉంది. అది పోతే ఇదీ పోతుంది.

కాకా ప్లాంటు మేనేజరు గదిలోకి పోయి బల్ల మీద రెంచితో బాదాడట. "పొయ్యి ఈడ, వండేటోళ్లు ఆడనా?" అని. ఎవరూ వినకపోయేసరికి ఒక్క షరతు మీద తగ్గాడు. మూడో రియాక్టరు సెన్సరు పాతది, అప్పుడప్పుడు ఊరికే మోగేది. ఆ అలారాన్ని మా వైపు నుంచి ఆపితే ప్లాంటులో కూడా ఆగిపోతుంది. అలా తయారుచేశాం దాన్ని, మా తెలివి తెల్లారినట్టే ఉంది. కాబట్టి ఆపేముందు ప్లాంటుకు ఫోన్ చెయ్యాలి. కాకా పోయి పైపు ముట్టి చెప్పాలి. తర్వాతే ఆపాలి.

"నీ చెయ్యి ఈడ లేదు గద, నా చెయ్యే నీ చెయ్యి అనుకో. ఒక్క ఫోన్ కొట్టు, చాలు" అన్నాడు నాతో.

ఏడాదిన్నర కొట్టాను. ఒక్కరోజు కొట్టలేదు.

పాపకు మూడు రోజుల నుంచి జ్వరం. ఆ మధ్యాహ్నం రెండున్నరకు, ఏడ్చి ఏడ్చి హాల్లో పరుపు మీద అప్పుడే కళ్లు మూసింది. నుదుటి మీద తడిగుడ్డ వేసి ఊపిరి పీల్చుకున్నానో లేదో, లాప్‌టాప్‌లో అలారం మోగింది. మూడో రియాక్టరు. మళ్లీ ఆ దిక్కుమాలిన సెన్సరే అనుకున్నాను. ఫోన్ చేస్తే కాకా గొంతు. చెవి వినపడని మనిషి కదా, ఆయన మాట్లాడితే ఫోనుకు స్పీకరు అక్కర్లేదు, వీధి వీధంతా వింటుంది. పాప లేస్తుంది. ఒక్క మీట నొక్కాను. రెండు గంటలపాటు అలారం బంద్. ఇల్లు నిశ్శబ్దంగా అయింది, హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే హమ్మయ్య అనుకున్నాను.

సెన్సరు తప్పు కాదు. నీళ్ల పంపు ఆగిపోయింది.

ఇరవై నిమిషాల తర్వాత కాకా అటుగా పోతూ అలవాటు కొద్దీ ఆ పైపు మీద చరిచాడు. చెయ్యి చుర్రుమంది. పైన ప్లాట్‌ఫాం మీద ముగ్గురున్నారు. చెప్పి దింపే సమయం లేదు. ఒకణ్ణి జుట్టు పట్టుకుని మెట్ల మీదికి నెట్టాడు. ఇంకొకణ్ణి రెంచితో పిర్రల మీద బాదాడు. ఏమైంది కాకా అని అడుగుతూ నిలబడిన ప్రధాన్‌ను వీపు మీద తన్నాడు. ప్రధాన్ పదకొండు మెట్లు దొర్లి కింద పడ్డాడు, భుజం ఎముక విరిగింది. కాకా ఒక్కడే పైన ఉండి అత్యవసర నీళ్ల వాల్వును రెంచితో తిప్పాడు. సగం తిరిగేసరికి రియాక్టరు నెత్తిన, ఒత్తిడి హద్దు దాటితే పగిలేలా పెట్టే రేకు బిళ్ల పగిలి, మరిగే ఆవిరి చిమ్మింది. ఎడమచెయ్యి అందులోనే ఉంచి మిగతా సగం తిప్పాడు. కిందికి వచ్చాక చేతొడుగు లాగితే దాంతో పాటు తోలు కూడా వచ్చేసిందని ప్రధాన్ చెప్పాడు.

ఆ చేత్తోనే కంట్రోల్ రూంలోకి పోయి చూశాడు. అలారం ఎవరు ఆపారు, ఎన్నింటికి ఆపారు, అన్నీ తెర మీదే ఉన్నాయి. నా పేరు.

ఆసుపత్రికి పదమంటే వినలేదట. చేతికి తడిగుడ్డ చుట్టుకుని, రిజిస్టరులో నా ఇంటి అడ్రసు చూసుకుని, గేటు దగ్గర ఎవరిదో స్కూటీ లాక్కుని, రెంచి కాళ్ల దగ్గర పెట్టుకుని బయల్దేరాడు. నాలుగు గంటలకు మా అపార్టుమెంటు మెట్ల మీద కేక వినిపించింది.

"ఏడున్నదే గా కంపూటర్ది! ఏడున్నవే!"

గొంతు గుర్తుపట్టాను. పక్క ఫ్లాట్ల తలుపులు తెరుచుకున్నాయి. పాప లేస్తుందన్న భయంతోనే నేను తలుపు తీశాను, చూడండి నా దౌర్భాగ్యం. ఎదురుగా కాకా. కనుబొమలు కాలి ఉన్నాయి. గుడ్డ చుట్టిన చెయ్యి నుంచి నీళ్లూ రక్తమూ కలిసి కారుతున్నాయి. కుడిచేతిలో రెంచి భుజం పైకి లేచి ఉంది.

"నోరు మూసినవా? దాని నోరు మూసినవానే? ముగ్గురు పోరగాండ్లుండిరి మీద! ఫోన్ కొడితే నీ సొమ్మేం బోయింది?"

అడుగు లోపలికి వేశాడు. కొడతాడు, చచ్చాను అనుకున్నాను. అప్పుడు ఆయన చూపు నా వెనక్కి పోయింది. పరుపు మీద పాప, నుదుటి మీద గుడ్డ.

రెంచి మెల్లగా కిందికి దిగింది.

"జొరమా?" అన్నాడు. అది గుసగుస. చెవి వినపడని మనిషికి గుసగుసలాడటం రాదు, సగం గాలి, సగం మాట బయటికి వచ్చింది. ఆ గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

"అవును కాకా."

"ఎన్నొద్దులాయె?"

"మూడు రోజులు."

తల ఊపాడు. బల్ల దగ్గరికి పోయి లాప్‌టాప్ వైరు పీకి, దాన్ని చంకలో ఇరికించుకున్నాడు. గుమ్మం దాటాక ఆ కాలిన చేత్తోనే తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. మూడంతస్తులు దిగాడు. నేను బాల్కనీలోకి పరిగెత్తాను. కింద పార్కింగులో లాప్‌టాప్‌ను సిమెంటు మీద పెట్టి రెంచి ఎత్తాడు.

"గిది ప్రధాన్ గానికి!" మొదటి దెబ్బకు తెర ముక్కలైంది. "గిది రమేష్ గానికి!" మీటలు ఎగిరి కార్ల కిందికి పోయాయి. "గిది గా బీహారోనికి, వానికి మొన్ననే కొడుకు వుట్టిండు!" వాచ్‌మన్ దగ్గరికి రాబోయి ఆగిపోయాడు. పేర్లు అయిపోయినా ఆపలేదు. అది లాప్‌టాప్ అని తెలియనంత పిండి అయ్యేదాకా కొట్టి, కాలిన చేతిని కడుపుకు హత్తుకుని నేల మీద కూలబడి పెడబొబ్బ పెట్టాడు. చివరికి లేచి బాల్కనీ వైపు చూశాడు.

"రేపు ప్లాంటుకు రా! వచ్చి చెయ్యి వెట్టి సూడు!"

పాప లేవలేదు.

ఆ సాయంత్రమే మా మేనేజరు ఫోన్ చేశాడు. "మీరు ఓకేనా? పాప ఓకేనా? పాప ముందే కదా కొట్టాడు?"

"పాప నిద్రపోతోంది సార్. ఆయన కిందికి తీసుకెళ్లి..."

"ఇంట్లోకి వచ్చాడా లేదా?"

"వచ్చాడు."

"చేతిలో రెంచి ఉందా లేదా?"

"ఉంది."

"అంతే కదండీ."

గంటలో ఫిర్యాదు కాగితం ఫోనుకు వచ్చింది. జ్వరంతో ఉన్న పసిపాప కళ్లెదుటే రెంచితో దాడి చేశాడు, తల్లీబిడ్డల ప్రాణాలకు హాని తలపెట్టాడు అని రాసి ఉంది. అలారం ఆపిన సంగతి లేదు. దాని చోట "సెన్సరు లోపం" అని ఉంది. నిజం బయటపడితే ప్లాంటువాళ్లు టీమునంతా వెనక్కి తెచ్చి ఆ గదిలో కూర్చోబెడతారని, నా సంగతి చెప్పనక్కర్లేదని మేనేజరు నెమ్మదిగా, మర్యాదగా వివరించాడు. టీము గ్రూపులో మెసేజీలు వచ్చి పడ్డాయి. అక్కా ప్లీజ్, సంతకం పెట్టెయ్. అక్కా, మా అందరి బతుకు నీ చేతిలో ఉంది. మూడుసార్లు చదివాను. తర్వాత ఫోను తెర మీద వేలితో సంతకం పెట్టాను. ఇంట్లో, పాప పక్కన కూర్చుని.

మర్నాడు పోలీసులు కాకాను స్టేషనుకు తీసుకుపోయారు. "పసిపిల్ల మీదికి రెంచి ఎత్తినోనివి నువ్వేనారా" అని ఒకాయన చెంప మీద కొట్టాడట. దెబ్బ పడింది బాగున్న చెవి మీద. కాకా చెయ్యెత్తలేదు, నేల చూస్తూ నిలబడ్డాడని ప్రధాన్ ఏడుస్తూ చెప్పాడు. ఉద్యోగం పోయింది. మా టీము ఇళ్లలోనే ఉండిపోయింది. ఆ వారం గ్రూపులో అందరూ నాకు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఎనిమిది నెలల తర్వాత ఆయన కంది చౌరస్తా దగ్గర కనిపించాడు. పాపను సంగారెడ్డిలో డాక్టరుకు చూపించి బస్సు కోసం నిలబడ్డాను. రోడ్డు అవతలి నుంచి చూసి, లారీలకు అడ్డంపడి వచ్చాడు. ఎడమచేతి వేళ్లు రెండు అతుక్కుపోయాయి. పాప భయపడి నా కాళ్లను వాటేసుకుంది. ఆయన నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"మంచిగున్నదా పాప?"

"బాగుంది కాకా. మీరు..."

"రేకుల షెడ్డొకటుంది, టాంకీల రసాయనం ఉడికిస్తరు, ఆడ చేస్తున్న. నౌకరి ఇప్పియ్యమని అడుగుతలేను బిడ్డా. కొట్టిన, ఒప్పుకుంట. నీ లాప్‌టాప్ వలగ్గొట్టిన, ఒప్పుకుంట. గా పాప ముంగట కొట్టిండన్న మాట ఒక్కటి తీసెయ్యి. నా బిడ్డ పాలిటెక్నిక్ చదువుతది. గా కాగితం ఫోన్ల సదివింది. బాపూ, పసిపిల్ల మీదికి రెంచి ఎత్తినవా అన్నది. గా దినం కెళ్లి నాతోని మాట్లాడుతలేదు. నేనెంత చెప్పినా నమ్ముతలేదు. నువ్వు చెప్తే నమ్ముతది. ఒక్క లైను రాయి, చాలు."

"కంపెనీని అడగాలి కాకా. చూస్తాను" అన్నాను.

"అడుగు. జెర జల్దీ అడుగు."

ఆయన కుడిచెయ్యి పైకి లేచింది. నేను కళ్లు మూసుకుని తల తిప్పేశాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి నా బస్సును ఆపడానికి చెయ్యి ఎత్తి ఊపుతున్నాడు.

కంపెనీని అడగలేదు. లైను రాయలేదు. తీరిక లేక కాదు, భయమేసి. ఆ ఒక్క లైను రాస్తే దాని వెనక అలారం వస్తుంది, అలారం వెనక నా ఉద్యోగం పోతుంది. రేపు రాద్దాం, పాప బడికి పోవడం మొదలుపెట్టాక రాద్దాం అనుకుంటూ ఏడాది గడిపాను. నీచురాలిని, ఇంకో మాట లేదు.

మంగళవారం ప్రధాన్‌కు ఫోన్ చేసి అడిగాను, కాకా ముట్టి చూడలేదా, ఆయనకు తెలియలేదా అని. "క్యా ఛూతే మేడం? గా షెడ్ల నీళ్ల పైపే లేదు" అన్నాడు సగం హిందీలో, సగం తెలుగులో. ముట్టి చూడటానికి కూడా ఏమీ లేని చోటికి పంపాను ఆయన్ని.

మళ్లీ కాల్‌లోకి పోయాను. ఆఫీసా, ఇల్లా అని ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. కరీంనగర్ అతని ప్రశ్నకు జవాబు చెప్పాను. ఒక్కరికి తగిలింది, నిన్న చచ్చిపోయాడు అన్నాను. ఇంట్లో కూర్చోవడం తప్పని నేననను. పాపతో నేను ఇంకెక్కడ కూర్చునేదాన్ని? ఒక్క ఫోన్ చెయ్యకపోవడం నా తప్పు, అబద్ధం మీద సంతకం పెట్టడం నా తప్పు. అదే రాసి కంపెనీకి, ప్లాంటుకు, స్టేషనుకు పంపాను. మేనేజరు నుంచి వరసగా ఫోన్లు వచ్చాయి. ఎత్తలేదు.

మూడో రోజు రుద్రారం దగ్గర కాకా వాళ్లింటికి పోయాను. ఇంటి ముందు టెంటు వేసి ఉంది, కుర్చీల్లో ప్లాంటు మనుషులు. ప్రధాన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కాకా భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గొంతెత్తి మాట్లాడి ఎరుగని మనిషని అందరూ అనేవారు. ఆ మొగుడితో ఎలా వేగిందో అనుకునేదాన్ని. పక్కనే కూతురు. తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని, నేనెవరో చెప్పి, కాగితం ఇచ్చాను. ఆమె దాన్ని కూతురి చేతిలో పెట్టింది.

"సదువు. అందరికి ఇనవడేటట్టు సదువు."

కూతురు చదివింది. "ఆయన నా బిడ్డ ముందు ఏమీ పగలగొట్టలేదు. పాప నిద్రపోతోందని, లాప్‌టాప్‌ను కిందికి తీసుకుపోయి పగలగొట్టాడు. అలారం ఆపింది నేను. ఫిర్యాదులో రాసింది అబద్ధం." నిద్రపోతోందని అన్న చోట ఆగి, ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. మిగతా సగం ఎలాగో చదివి, కాగితాన్ని మొహానికి అదుముకుని, "అమ్మా, బాపు నిజమే చెప్పిండే. నేనే మాట్లాడలే. బాపు నిజమే చెప్పిండు" అని తలను గోడకేసి బాదుకుంది. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి పట్టుకున్నారు.

కాకా భార్య నన్నే చూస్తోంది. కళ్లలో నీళ్లు లేవు.

"గిది రాసుడు ఎంతసేపు వట్టింది?" అంది.

అబద్ధం చెప్పే అలవాటు అప్పటికీ నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

"ఐదు నిమిషాలు."

ఫెడేల్మని తగిలింది. పక్కకు పడిపోయాను. చెవిలో కూత, నోట్లో ఉప్పగా రక్తం. టెంటు కింద ఎవరూ కదల్లేదు. ఆమె మళ్లీ గోడకు ఆనుకుంది.

"ఆయన కొట్టినంక చాయ్ తాగిపిచ్చేటోడని వీళ్లందరు చెప్తరు. గా అలవాటు ఆయనది. నాది గాదు. లే. పో."

లేచాను. చెంప మీద చెయ్యి పెట్టుకోలేదు.